కుక్కకి మాత్రన్నర

మా బావ పోయిన నెలకి మా అక్క మా ఇంటికి వచ్చేసింది. వాళ్ళకి పిల్లలు లేరు. బావ చేపల చెరువులు కౌలుకి తీసుకుని చేసేవాడు. ఆయన పోయాక కౌలు వేరొకరికి వెళ్ళింది. చెరువు గట్టు మీద వాళ్ళు కాపురమున్న రెండు గదుల ఇల్లు కూడా కౌలుతో పాటే వెళ్ళింది. అక్క ఒక ట్రంకు పెట్టెతో, ఒక కుక్కతో వచ్చింది.

గోధుమరంగు నాటుకుక్క అది. ఒక చెవి నిలబడి, రెండోది సగానికి వాలి ఉండేది. బావ దానికి పేరంటూ పెట్టలేదు. "ఏమోయ్" అని పిలిచేవాడు. అక్కనీ అలాగే పిలిచేవాడు కనుక, గట్టు మీంచి ఆయన ఒక్క కేక వేస్తే తామిద్దరూ లేచి వెళ్ళేవాళ్ళమని, తీరా వెళ్ళాక ఎవరిని పిలిచాడో ఆయనకే గుర్తుండేది కాదని, ఆయనున్న రోజుల్లో అక్క నవ్వుతూ చెప్పేది.

చేపల చెరువులున్న చోట తెల్లవారడమంటే బాంబులు పేలడం. పూర్తిగా వెలుగు రాకముందే నీటికాకులు గుంపులుగా వచ్చి వాలతాయి. ఒకటీ అరా అయితే రైతు ఊరుకుంటాడు గానీ, గుంపు వాలిందంటే చెరువులో చేపపిల్ల మిగలదు. అందుకని కాపలావాళ్ళు గట్ల మీద తిరుగుతూ దీపావళి బాంబులు కాల్చి వాటిని తోలతారు. బావ కూడా రోజూ కాల్చేవాడు. కుక్క ఆయన కాలి పక్కనే కూర్చుని వత్తి కాలడం చూసేది. పేలినప్పుడు చెవి కూడా కదిపేది కాదట.

ఒకనాటి పొద్దున ఆయన గట్టు మీదే గుండె పట్టేసి కూలిపోయాడు. కుక్క అరిచింది. సరిగ్గా ఆ వేళకే చుట్టూ ఉన్న చెరువుల మీద బాంబులు పేలుతున్నాయి. ఆ మోతలో కుక్క అరుపు ఎవరి చెవిన పడుతుంది? పడినా, బాంబులకి కుక్కలు అరవడం కొత్తేమీ కాదు. అక్క టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేసరికి బావ ఒళ్ళు చల్లబడిపోయింది. కుక్క ఆయన గుండెల మీద మెడ ఆన్చి పడుకుని ఉంది. దాని గొంతు పోయింది. నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు.

"ఆయన ఆఖరి గంట ఎలా గడిచిందో దానికొక్కదానికే తెలుసురా," అని అక్క నాతో ఒక్కసారే అంది. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మా ఊరు భీమవరానికి దగ్గర. నేను అక్కడి బియ్యం మిల్లులో కాటా గుమాస్తాని. వచ్చిన ధాన్యం తూచి రాసుకోవడం నా పని. పదో తరగతి దాటని చదువు నాది. వచ్చిన లెక్కలన్నీ కాటా దగ్గర వచ్చినవే. మా ఇల్లు ఊరి చివర. పెరడు దాటితే వరిచేలు, రెండు చేల అవతల నుంచి చేపల చెరువులు. అక్క వచ్చిన మర్నాడు పొద్దున్నే అక్కడ మొదటి బాంబు పేలింది.

కుక్క నిలబడిన చోటే మూత్రం పోసేసింది. ఒళ్ళంతా వణుకు. పళ్ళు కొట్టుకోవడం నాకు వినిపించింది. రెండో బాంబుకి వీధి తలుపు గీరడం మొదలుపెట్టింది. గోరు ఊడి నెత్తురొచ్చినా ఆపలేదు. ఆ వారంలోనే ఒకరోజు తాడు తెంపుకుని రోడ్డెక్కింది. మా ఇంటి ముందు రోడ్డు మీద ఐసు లారీలు, రొయ్యల వ్యాన్లు తెరిపి లేకుండా తిరుగుతాయి. ఒక లారీ డ్రైవరు ఎలాగో బ్రేకు తొక్కి ఆపి, తిట్టడానికి కిందికి దిగి, పరిగెత్తుకొచ్చిన మా అక్క మొహం చూసి మళ్ళీ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఏవండీ, ఇవాళంటే తప్పింది. కట్టేస్తే మెడకి బిగుసుకుంటోంది, విప్పితే లారీ కింద పడేలా ఉంది. అది కాస్తా పోతే వదినగారు మనకి మిగలరండి. ఆవిడ ఇప్పటికే దాంతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు."

ఆవిడ చెప్పింది నిజం. అక్క నాతో అవసరమైనంత మాట్లాడేది. కుక్కతో మాత్రం పెరటి మెట్టు మీద కూర్చుని గంటల తరబడి ఏదో చెప్పేది. ఆ కుక్కని కాపాడుకోవడం అంటే అక్కని కాపాడుకోవడమేనని నాకు ఆ రోజే తెలిసింది.

సలహాలకి లోటు లేదు. ఒకరు చెవుల్లో దూది పెట్టమన్నారు, మరొకరు తాయెత్తు కట్టమన్నారు. మిల్లులో హమాలీ ఒకడు, "ఓ గుక్క సారా పోసెయ్యండి గుమాస్తాగారూ, బాంబులకి డాన్సాడుద్ది," అన్నాడు. పక్కవాడు, "సారా దొరకాలే గానీ కుక్కకెందుకు పోత్తార్రా, మనం లేమా?" అన్నాడు. నేను సెలవు పెట్టి పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

అక్కడి డాక్టరుగారు రోజంతా గేదెల మధ్య ఉండే మనిషి. కుక్క భయపడుతోందని వచ్చినవాళ్ళలో మీరే మొదటివారండి అన్నారు గానీ నవ్వలేదు. బావ సంగతి చెబుతుంటే చేతిలో కలం కింద పెట్టి విన్నారు.

"భయానికి మందుందాండీ?" అని అడిగాను.

"మనుషులకుందండి. అదే మాత్ర దీనికీ. కాకపోతే లెక్క వేరు. బరువెంత?"

"పదిహేనుకీ ఇరవైకీ మధ్యన ఉంటుందండి."

"మధ్యన అంటే ఎక్కడండి? కాటా మీద కూర్చునే మనిషి మీరే అంచనా చెబితే ఎలా? తూచి రండి."

మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి కుక్కకి పనికిరాదు. పది కిలోల లోపు తేడా దాని కంటికి ఆనదు. బస్తాలు తూచే కాటా ఉంది గానీ దాని మీద కుక్క నిలబడదు. అందుకని ముందు నేనొక్కణ్ణే ఎక్కి చూసుకుని, తర్వాత కుక్కని రెండు చేతులా ఎత్తుకుని ఎక్కాను. హమాలీలు పని ఆపి చుట్టూ మూగారు.

"తరుగెంత తీత్తారండి?" అన్నాడొకడు. ధాన్యంలో తేమ ఉంటే తూకంలోంచి ఇంతని కోసేస్తాం, దాన్నే తరుగంటాం.

"నాలిక బయటకేసింది, తేమెక్కువేనండోయ్."

"ఎవరి తేమరా? కుక్కదా, గుమాస్తాగారిదా?"

నేనూ నవ్వాను. కుక్క మాత్రం నా చేతుల్లో వణుకుతూనే ఉంది. అది వణుకుతుంటే కాటా ముల్లు నిలవదు. ముల్లు అటూ ఇటూ ఆడే రెండు కొసలకీ నడిమిని పట్టుకుని, అందులోంచి నా బరువు తీసేస్తే పద్దెనిమిది కిలోలు తేలింది. చేత్తో తడిమితే పక్కటెముకలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి. బావ దగ్గరున్నప్పుడు అది ఇంతకంటే బరువుండి ఉంటుంది.

డాక్టరుగారు పావు మిల్లీగ్రాము మాత్రలు రాశారు. రోజుకి ఒక పూట, మాత్రన్నర. చీటీ నా చేతికిచ్చి, నేను తిరిగి అప్పజెప్పగలిగేదాకా చెప్పారు.

"బాంబులకి గంట ముందు పడాలండి. భయం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచెయ్యదు. మొదటి రోజు ఎవరో ఒకరు ఇంట్లోనే ఉండి కనిపెట్టి చూడండి. కొన్నిటికి ఇది పడదు, ఇంకా రెచ్చిపోతాయి. తూలుతుంటే తర్వాతి పూట ఆపేసి నా దగ్గరకి రండి. ఇంట్లో ఇంకెవరి మాత్రలూ దీనికి కలపకండి."

"ఒక పూట మర్చిపోతే రెండో పూట కలిపి వెయ్యచ్చాండీ?"

"వద్దు. పోయిన పూట పోయినట్టే. ఇంకో మాట. నయమైపోయింది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా మానెయ్యకండి. మానేటప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించాలి. అది నేను చెబుతాను."

మాత్రన్నర అని కాగితం మీద రాయడం తేలిక. ఆ మాత్ర కందిగింజకంటే చిన్నది. మధ్యన ఉన్న గీత మీద కొత్త బ్లేడు పెట్టి నొక్కినా ఒక ముక్క పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యేది. అందుకని ఒకే మాత్ర తాలూకు రెండు ముక్కల్నీ వరసగా రెండు పూటలకి వాడేవాణ్ణి. ఇవాళ రవ్వంత ఎక్కువ పడితే రేపు రవ్వంత తక్కువ పడుతుంది, రెండూ కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. మాత్రలన్నీ ఒక గట్టి మూత డబ్బాలో పోసుకోకుండా షీటులోనే ఉంచి, ఆ షీటునీ చీటీనీ బీరువా పై అరలో పెట్టేవాళ్ళం.

తినిపించడం ఇంకో సంగతి. అన్నంలో పెడితే అన్నం తినేసి మాత్రని పళ్ళెం అంచున వదిలేసింది. బెల్లంలో పెడితే బెల్లం నాకి మాత్రని ఉమ్మింది. చివరికి మా ఆవిడ ఇడ్లీకి మీగడ రాసి దారి కనిపెట్టింది. మూడు ముక్కలు. మొదటిది ఉత్త ఇడ్లీ. రెండో దాంట్లో మందు. ఆ రెండోది నోట్లో ఉండగానే మూడోది కళ్ళ ముందు చూపించాలి. మూడో దాని మీద ఆశతో రెండోది నమలకుండా మింగేసేది. పెట్టేది అక్క. అక్క చేతిలో ఏముందో అది చూసేది కాదు. నోరు తెరిచేసేది, అంతే.

గంట ముందు అనే లెక్క కుదరాలంటే బాంబులకీ ఒక వేళ ఉండాలి. మాకు దగ్గరున్న చెరువు యజమాని పెద్దాయన, వరసకి బాబాయ్ అంటాను. వెళ్ళి అడిగాను.

"పక్షులు నీ గడియారం చూసుకుని వస్తాయేంట్రా అబ్బాయ్?"

"మొదటి బాంబు పొద్దున మిల్లు కూత అయ్యాక కాల్చమనండి బాబాయ్. అప్పటిదాకా డబ్బా వాయించి తోలమనండి."

"అంటే కుక్క కోసం నన్ను డబ్బా కొట్టుకోమంటావు."

"కుక్క కోసం కాదండి. అక్క కోసం."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సర్లే. మీ బావ ఎవరికీ చెడు చేసినోడు కాదు. కూత అయ్యాకే కాల్పిస్తాను. అయినా ఎందుకురా ఈ గంటలూ అరముక్కలూ? మూడు మాత్రలు పడేస్తే పొద్దస్తమానం పడుకునుంటుంది, మీకూ గోలుండదు."

"తర్వాత లేవకపోతేనండీ?"

ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

మొదటి రోజు నేను మిల్లుకి వెళ్ళకుండా కుక్క ఎదురుగా కూర్చున్నాను. కూత వినిపించింది. కాసేపటికి మొదటి బాంబు. కుక్క తల ఎత్తి చెరువు వైపు చూసింది. చర్మం ఒక్కసారి జలదరించింది. మళ్ళీ తల ముందుకాళ్ళ మీద పెట్టుకుంది. మందు భయాన్ని తీసెయ్యలేదు, కాస్త దూరం జరిపింది. ఆ దూరం చాలు, అది మళ్ళీ తిండి తినడం మొదలుపెట్టింది. ఒక నెల గడిచాక మళ్ళీ కాటా ఎక్కిస్తే కిలోన్నర పెరిగింది. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాను, లెక్క మార్చక్కర్లేదన్నారు. అక్క కూడా ట్రంకు పెట్టె అడుగునుంచి లేసు అల్లే సూదీ దారమూ బయటకి తీసింది. నరసాపురం వైపు పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి ఆ సూది చేతిలో ఉందంటే మనసు కాస్త కుదుటపడినట్టే.

అలా వర్షాలు వెళ్ళాయి, చలికాలం వెళ్ళింది. వేసవిలో రెండో పంట, దాళ్వా ధాన్యం మిల్లుకి రావడం మొదలైంది. ఆ రోజుల్లో నాకు ఇంటి మొహం చూసే తీరిక ఉండదు. మాత్రలు అయిపోతే మా ఆవిడే సాయంత్రం మందుల షాపుకి వెళ్ళి తెచ్చింది. చీటీ బీరువాలోనే ఉండిపోయింది. నెలల తరబడి తీసుకెళ్ళే మందే కదా, షాపాయనకీ తెలుసు. ఆయన మామూలుగానే షీటులో సగం కత్తెరతో కోసి ఇచ్చాడు. మా వైపు మందుల షాపుల్లో మాత్రలు అలాగే ఇస్తారు, ఎన్ని కావాలంటే అన్ని కోసి. మందు పేరూ మోతాదూ అచ్చేసి ఉన్న కొస ఎవరి వాటాకి వస్తుందో ఎవరూ చూసుకోరు.

మర్నాడు పొద్దున అక్క మాత్రన్నర పెట్టింది. కూత అయ్యింది, బాంబులు పేలాయి. కుక్క తల కూడా ఎత్తలేదు.

"ఇవాళే దీనికి నిజంగా నిద్రపట్టిందమ్మాయ్," అని అక్క మా ఆవిడతో అన్నదట.

ఎండెక్కాక అది నీళ్ళ గిన్నె దగ్గరకి వెళ్ళాలని లేచింది. వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. గోడకి గుద్దుకుంది. నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది. రెండోసారి లేవబోయి పక్కకి పడిపోయింది. మా ఆవిడ ఎదురింటి నుంచి మిల్లుకి ఫోన్ చేసింది.

నేను సైకిలు మీద వెళ్ళేసరికి అక్క నేల మీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను కుక్కని చూసి, బీరువా దగ్గరకి వెళ్ళి, పాత షీటు ముక్కనీ కొత్త ముక్కనీ పక్కపక్కన పెట్టాను. మాత్ర రంగు అదే, సైజు అదే. పాత దాని వెనక పావు మిల్లీగ్రాము అని ఉంది. కొత్త దాని వెనక కంపెనీ పేరులో చివరి అక్షరాలు తప్ప ఏమీ లేవు. రెండూ జేబులో వేసుకుని షాపుకి వెళ్ళాను.

"ఈ షీటు మిగతా సగం ఉందాండీ?"

"ఉందండి. ఇంకా కావాలా?"

"చూపించండి చాలు."

సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. వెనక అర మిల్లీగ్రాము అని అచ్చేసి ఉంది.

"పావుది స్టాకు లేదండి," అన్నాడాయన. అప్పటికే ఆయన మొహం మారింది. "అదే కంపెనీ, అదే మందు కదా అని…"

"అదే మందేనండి. రెండింతలు."

ఆయనతో గొడవపడే తీరిక నాకు లేదు. అక్క పెట్టింది మాత్రన్నర. కుక్క ఒంట్లోకి వెళ్ళింది మూడు మాత్రల మందు. అక్కణ్ణుంచి సరాసరి డాక్టరుగారి దగ్గరకి వెళ్ళి రెండు ముక్కలూ చూపించాను. ఆయన గేదెని వదిలి స్కూటరు తీశారు.

ఇంటికి వచ్చి చిగుళ్ళు చూశారు, ఊపిరి లెక్కపెట్టారు, గుండె మీద చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు.

"ఉప్పునీళ్ళు పట్టించి కక్కించమంటున్నారండి పక్కింటివాళ్ళు," అంది మా ఆవిడ.

"వద్దమ్మా, అది మాత్రం చెయ్యకండి. ఈ మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలూ పొయ్యకండి, నీళ్ళూ పొయ్యకండి, తనంతట తను లేచి తాగేదాకా. ఇలా పక్కకి పడుకోబెట్టి మెడ తిన్నగా ఉంచండి. మెట్టు దగ్గర వదలకండి. ఊపిరి బరువైనా, పిలిస్తే కన్ను కూడా కదపకపోయినా వెంటనే నాకు కబురు పంపండి." తర్వాత మా అక్క వైపు చూసి, "బతుకుతుందమ్మా," అన్నారు.

అక్క ఆ మాట విన్నట్టు లేదు. "నా చేత్తోనే పెట్టాను," అంది. "వేడిగా ఉంటుందని ఊదుతూ మరీ పెట్టాను."

మర్నాటికి కుక్క లేచింది. లేచి నీళ్ళు తాగింది. డాక్టరుగారు ఎన్ని పూటలు ఆపమంటే అన్ని ఆపి, పావు మాత్రలు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. అప్పటినుంచి నిండు షీటే కొనేవాణ్ణి. మోతాదు అచ్చేసి ఉన్న కొసని ఆఖరిదాకా ఉంచి, రెండో కొస నుంచి మాత్రలు తీసేవాళ్ళం. చీటీ లేకుండా ఇంట్లో ఎవరం షాపుకి వెళ్ళలేదు.

అన్నీ సర్దుకున్నాయి, ఒక్కటి తప్ప. అక్క ఇడ్లీ ముక్క పట్టుకుని చెయ్యి చాపితే కుక్క మొహం పక్కకి తిప్పుకుంది. ఉత్త ఇడ్లీ అయినా తిప్పుకుంది. అన్నం కలిపి పెడితే అక్క లేచి వెళ్ళిపోయేదాకా ఆగి తినేది. అది దేనికి దేన్ని ముడిపెట్టుకుందో నాకు తెలియదు. ఆ చెయ్యీ, ఆ మీగడ వాసనా, ఆ తూలడం.

డాక్టరుగారిని అడిగితే, "ఇకనుంచి మందు వేరే చేత్తో ఇప్పించండి. ఆవిడ చేతిలో తిండి తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆ నమ్మకం దానికి కుదరాలి, టైం పడుతుంది," అన్నారు.

మా ఆవిడ మందు చెయ్యి అయింది, అక్క అన్నం చెయ్యి అయింది. చాలా రోజుల తర్వాత కుక్క మళ్ళీ అక్క చేతిలోంచి తీసుకుంది. కానీ ముందు వాసన చూసేది. ప్రతి ముక్కా వాసన చూసి, అక్క మొహంలోకి ఒకసారి చూసి, అప్పుడు తీసుకునేది. అక్క చెయ్యి కదల్చకుండా అలాగే పట్టుకుని ఉండేది.

మరుసటి ఏడాది మా పెరటి వెనక చేలోకి చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగింది. ఆ చేను రైతుని నేనేమీ అనను. చుట్టూ చెరువులైపోతే మధ్యలో వరి నిలవదు. ఊట నీరు పైకి వచ్చి చేను చవుడు తేలిపోతుంది. వాళ్ళకీ వేరే దారి లేదు. వానలు పడేసరికి మా వంటింటి కిటికీలోంచి చూస్తే నీళ్ళే. చేపపిల్లలు వేశారు, నీటికాకులు వచ్చాయి. ఈసారి బాంబులు మా పెరటి గోడ అవతలే. పాత్రలు అదిరేవి. దూరపు చెరువుకి మిల్లు కూత ఉంది గానీ దగ్గరి చెరువుకి లేదు. పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడే ముందు, పక్షి వాలినప్పుడల్లా.

గంట ముందు ఇవ్వాల్సిన మందుని దేనికి గంట ముందు ఇవ్వాలి?

కుక్క మళ్ళీ తలుపు గీరడం మొదలుపెట్టింది. డాక్టరుగారి దగ్గరకి ముగ్గురం వెళ్ళాం. ఆయన పాత చీటీ తీసి చూశారు.

"పెంచచ్చండి. ఇంకో పూట కలపచ్చు, మాత్రలూ పెంచచ్చు. అప్పుడది భయపడదు. భయపడదు, మిమ్మల్ని గుర్తూపట్టదు. తినడానికి లేపాలి, తాగడానికి లేపాలి. అలా ఎన్నాళ్ళయినా ఉంచచ్చు. నేను రాయమంటే రాస్తాను."

అక్క ఆయన బల్ల మీది గాజుగ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక సూదీ దారమూ తీసి రెండు వరసలు అల్లి, విప్పేసింది. అప్పుడు మా ఆవిణ్ణి పిలిచింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య తోట దగ్గర చెరువులున్నాయా?"

మా ఆవిడ అన్నయ్యకి అన్నవరం దగ్గర మెట్టలో మామిడితోట ఉంది. అటువైపు చేపల చెరువులు లేవు.

"లేవు వదినగారూ. అక్కడ తాగడానికే నీళ్ళు తోడుకోవాలి."

"అయితే ఆయనకో ఉత్తరం రాయి, దీన్ని పంపుతామని."

"అక్కా," అన్నాను నేను, "మనం ఇల్లు మారదాం. ఊళ్ళోకి వెళ్దాం."

"ఊళ్ళో పెళ్ళిళ్ళు కావా? దీపావళి రాదా? నీ మిల్లు వదిలి ఎక్కడికని తిరుగుతావురా?" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "అది నా దగ్గర ఉండాలని నేను దానికి మత్తు పెట్టుకోలేను."

మిల్లు నుంచి తవుడు తీసుకెళ్ళే వ్యానొకటి అటు వెళుతుంటే అందులో బయలుదేరాం. ప్రయాణానికి ఎంత ఇవ్వాలో డాక్టరుగారు చెప్పారు, తిన్న తర్వాత కాస్త ఆగి బయలుదేరమన్నారు. గోదావరి దాటుతుంటే కుక్క తల ఎత్తి గాలి వాసన చూసింది. అక్క దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, దారి పొడుగునా తియ్యలేదు.

తోటలో మా ఆవిడ అన్నయ్యకి ఇచ్చే పద్ధతంతా చూపించాను. తగ్గించే క్రమం డాక్టరుగారు రాసి ఇచ్చారు: మాత్రన్నర నుంచి మాత్ర, మాత్ర నుంచి సగం, సగం నుంచి రోజు విడిచి రోజు, ఆపైన మానెయ్యడం, మధ్యలో మళ్ళీ వణుకు మొదలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి ఆగడం.

"ఇన్ని లెక్కలా బావగారూ దీనికి?" అన్నాడాయన.

"లెక్క తప్పితే ఏమవుతుందో చూశామండి," అన్నాను.

అక్క ఒక ఇడ్లీ ముక్క తెచ్చుకుంది. కుక్కకి పెట్టింది. అది వాసన చూసి, అక్క మొహం చూసి, తీసుకుంది. మేం వ్యాను ఎక్కేటప్పుడు అది మామిడి చెట్టు కింద మట్టి గోకుతోంది. మేం వెళ్ళడం చూడలేదు.

రెండు నెలలు పోయాక తోట నుంచి మిల్లుకి ఫోన్ వచ్చింది. నేను అక్కని పిలిపించాను.

"మందు మానేశామండి," అంటున్నాడు ఆయన అవతల నుంచి. గట్టిగా మాట్లాడతాడు, పక్కనున్న నాకూ వినపడుతోంది. "ఆయ్, పూర్తిగా మానేశాం. ఏ గొడవా లేదు. కోతుల్ని తరుముతోందండి!"

"తింటోందా?" అంది అక్క.

"తింటోందండి. ఎవరు పెట్టినా తింటోంది."

"మంచిది," అంది అక్క. ఫోను నా చేతికిచ్చి కాటా పక్కనున్న బస్తా మీద కూర్చుంది. హమాలీలు ఆవిణ్ణి చూసి మాటలు తగ్గించి, కాస్త దూరంగా పోయి బస్తాలు దింపుకున్నారు.

అది తేరుకుందని సంతోషించాలో, అక్క లేకుండానే తేరుకుందని బాధపడాలో నాకు తెలియలేదు. అక్క మాత్రం ఆ రోజు నుంచి పెరటి మెట్టు మీద కూర్చోవడం మానేసింది.

ఆ తర్వాత ఏడాది మేం ముగ్గురం అన్నవరం వెళ్ళి కొండ మీద వ్రతం చేసుకున్నాం. తిరిగి రాజమండ్రి వచ్చే బస్సు ఆ తోట పక్క నుంచే వెళుతుంది. అక్కడ దిగి ఒక పూట ఉండి వెళ్దామని నేను ముందే అనుకుని కండక్టరుకి చెప్పి పెట్టాను. తోట దగ్గర పడుతుంటే అక్కతో చెప్పాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. ప్రసాదం పొట్లం ఒళ్ళో సర్దుకుంది.

"వద్దురా."

"ఒక్కసారి చూసి వెళ్దాం అక్కా."

"దానికిప్పుడు భయం లేదన్నారు కదా. నన్ను చూస్తే ఆ చెరువు గుర్తొస్తుందేమో."

బస్సు ఆగింది. "తోట దగ్గర దిగేవాళ్ళెవరండీ?" అని కండక్టరు అరిచాడు.

"ఎవరూ లేరండి," అని అక్కే చెప్పింది.

బస్సు కదిలింది. అక్క కిటికీ వైపు తిరగలేదు. మా ఆవిడే అటు వంగి, తోట కంచె అయిపోయేదాకా చూసి, "ఏం కనపడలేదు వదినగారూ," అంది.

"ఎండ కదమ్మా," అంది అక్క. "నీడన పడుకునుంటుంది."